డిజైన్ విద్యార్థులకు తమ గురించి తాము ప్రకటన చేసుకోవడం నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రవేశ పరీక్షల కాలం వచ్చిందంటే డిజైన్ కోర్సుల గురించి, వాటిలో చేరే మార్గాల గురించి పత్రికల విద్యా పేజీలు వివరంగా రాస్తాయి. అయితే ఆ కోర్సు పూర్తి చేసి బయటికి వచ్చే అమ్మాయి గాని అబ్బాయి గాని తన పని అవసరమైన వాళ్లకు తన గురించి ఎలా చెప్పుకోవాలన్న విషయం ఆ పేజీల్లోనే కాదు, కళాశాలల్లో కూడా చర్చకు వచ్చేది తక్కువ. అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, లేబుళ్ల వంటి వాటికి పనికొచ్చే చిత్రకళ) బోధించే పనిలో ఉన్నవాణ్ణి కనుక ఈ సంగతి కొంత విపులంగా రాస్తున్నాను. నిడివిని మన్నించగలరు.

సబ్బుకు, సిమెంటుకు, చీరల దుకాణానికి ప్రకటన ఎలా తయారు చేయాలో నాలుగేళ్లపాటు నేర్పిస్తాం. కొనేవాడు ఎవరు, అతనికి ఏం కావాలి, మన సరుకులో నిజంగా ఉన్న గుణం ఏది, ఒక్క వాక్యంలో దాన్ని ఎలా చెప్పాలి అని ప్రతి అభ్యాసంలోనూ అడుగుతాం. చివరి సెమిస్టర్‌కు వచ్చేసరికి మాత్రం "పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల సంకలనం) సిద్ధం చేసుకోండి" అని ఒక్క మాట చెప్పి వదిలేస్తాం. దాని ఫలితం ఉద్యోగాల ఇంటర్వ్యూలలో కనిపిస్తుంది. ఇంటర్‌నెట్‌లో దొరికిన టెంప్లేటు ఒకటి, అందులో ఒక ఫొటో, "క్రియేటివ్, ప్యాషనేట్, హార్డ్ వర్కింగ్" అన్న మూడు విశేషణాలు, సాఫ్ట్‌వేర్ పేర్ల పక్కన అది ఎంత వచ్చో చూపడానికి సగమో ముప్పాతికో నింపిన గీతలు. ఆ మూడు విశేషణాలూ తరగతిలో అందరివీ. అదే విద్యార్థి నూనె ప్యాకెట్‌కు "నాణ్యమైనది, స్వచ్ఛమైనది, మేలైనది" అని రాసుకొస్తే మనం ఒప్పుకోం, ఇందులో ఈ నూనె సంగతి ఏముందని వెనక్కి పంపుతాం. తన విషయంలో అదే పొరపాటు చేసినప్పుడు ఎవరూ వెనక్కి పంపడం లేదు.

నేను కోరేది ఇది. తన గురించి తాను ప్రకటన తయారు చేసుకోవడం డిజైన్ కోర్సుల్లో మార్కులు, గడువు, విమర్శ ఉన్న పూర్తి స్థాయి అభ్యాసంగా ఉండాలి. అది రెండో సంవత్సరంలో ఒకసారి, చివరి సంవత్సరంలో మరోసారి జరగాలి. ఉద్యోగం దొరకడం కోసమే ఈ మాట అనడం లేదు. మేము ఇచ్చే అభ్యాసాలన్నిటిలోకీ కఠినమైనది ఇదేనని నా నమ్మకం. మిగతా అభ్యాసాల్లో క్లయింటు ఒకరు, డిజైనర్ ఒకరు. ఇక్కడ ఇద్దరూ ఒకరే కావడంతో ఏం కావాలో చెబుతూ బ్రీఫ్ ఇచ్చేవాళ్లు లేరు, బాగాలేదని చెప్పేవాళ్లూ లేరు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవాలంటే ముందు తనకు ఏం వచ్చో, ఏం రాదో తనకే స్పష్టంగా తెలియాలి. ఆ స్పష్టత లేకపోతే లేఅవుట్ ఎంత అందంగా ఉన్నా కాగితం ఖాళీగానే ఉంటుంది.

విద్యార్థుల్లో ఒక సంకోచం ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. నిండుకుండ తొణకదని విని పెరిగిన పిల్లలు వీళ్లు. భారతంలో అన్నను తూలనాడిన దోషానికి ప్రాణం తీసుకోబోయిన అర్జునుడికి కృష్ణుడు సూచించిన మార్గం తన్ను తాను పొగుడుకోవడం. ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమనే భావన మన ఇళ్లలో అంత బలంగా ఉంది. మొహమాటం ఉన్న విద్యార్థి, ముఖ్యంగా పల్లెల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి, తన పని పక్కవాడి పని కంటే మెరుగ్గా ఉన్నా చివరి బెంచీలో ఉండిపోతాడు. అతనికి మనం చెప్పవలసింది పొగడ్త వేరు, సమాచారం వేరు అని. "నేను గొప్ప డిజైనర్‌ని" అన్నది పొగడ్త. "మందుల చీటీ మీద మోతాదును పెద్దవాళ్లు కళ్లద్దాలు లేకుండా చదవగలిగేలా అక్షరాలు అమర్చాను, ఇదిగో చూడండి" అన్నది సమాచారం. రెండో దానిలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

వెనకటి చిత్రకారులకు ఈ చదువు అవసరం లేకపోయింది కదా అని కొందరు సహాధ్యాపకులు అంటారు. వాళ్లకు సంతకం ఉండేది. వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రం మూలన "వ.పా." అన్న రెండక్షరాలు ఉండేవి. సినిమాల్లోకి రాకముందు ప్రకటనల సంస్థల్లో కూడా పనిచేసిన బాపు గారి బొమ్మ కింద ఆయన పేరు ఉండేది, ఆ చేతిరాతే తర్వాత అచ్చు అక్షరంగా మారింది. సినిమా పోస్టర్ మీద "ఈశ్వర్" అన్న సంతకం చూసి గుర్తుపట్టే ప్రేక్షకులు ఉండేవారు. ఇవాళ డిజైనర్ చేసే పనిలో అధిక భాగానికి సంతకం లేదు. ఫోనులో మనం వాడే బ్యాంకు యాప్ తెరలు, పచ్చడి సీసా మీది లేబుల్, ఆసుపత్రిలో దారి చూపే బోర్డులు ఎవరు రూపొందించారో ఎవరికీ తెలియదు. పని తన మూలన పేరు మోసుకెళ్లే కాలం పోయింది కనుకనే డిజైనర్ తన గురించి విడిగా చెప్పుకోవలసి వస్తోంది.

దీనికి నేను తరగతిలో చెప్పే ఉదాహరణ ఐదు వందల ఏళ్ల కిందటిది. సుమారు 1482లో లియొనార్డో డావిన్చి మిలాన్ పాలకుడు లుదొవికో స్ఫోర్జాకు పని కోరుతూ రాసిన ఉత్తరం ముసాయిదా ఇప్పటికీ మిగిలి ఉంది. అందులో ఆయన సులువుగా మోసుకెళ్లగల వంతెనల గురించి, కోటల ముట్టడికి పనికొచ్చే సాధనాల గురించి, కప్పు ఉన్న రథాల గురించి వరసగా చెబుతాడు. శాంతికాలంలో భవనాలు కట్టగలను, నీళ్లు ఒకచోటి నుంచి మరోచోటికి మళ్లించగలను అంటాడు. శిల్పం, చిత్రలేఖనం ప్రస్తావన చివరికి గాని రాదు. ఇందులో ఏదైనా అసాధ్యమని అనిపిస్తే మీ ఉద్యానవనంలోనో మీరు చెప్పిన చోటనో చేసి చూపిస్తానని ముగిస్తాడు. చదివేవాడు యుద్ధాల మధ్య ఉన్న పాలకుడు కనుక అతనికి కావలసినది ముందు, తనకు ఇష్టమైనది వెనక. ఆఖరున పరీక్షకు సిద్ధపడటం. తన గురించి రాసుకునే విద్యార్థి నేర్చుకోవలసిన క్రమం దాదాపు మొత్తం ఈ ఒక్క ఉత్తరంలో ఉంది.

ఈ అభ్యాసం ఎలా జరగాలన్న దానిపై నా అనుభవంలో పనికొచ్చిన పద్ధతి చెబుతాను. మొదటి వారం కంప్యూటర్ తెరవనివ్వకూడదు. ప్రకటన ఎవరు చదవాలో విద్యార్థి ఒక పేరా రాయాలి. "అందరూ" అని రాస్తే ఒప్పుకోకూడదు. గుంటూరులో మిరప కారం ప్యాక్ చేసి అమ్మే చిన్న వ్యాపారి, హైదరాబాద్‌లో పిల్లల పుస్తకాల ప్రచురణకర్త, ఏజెన్సీలో ఆర్ట్ డైరెక్టర్, ఈ ముగ్గురికీ ఒకే ప్రకటన పనికిరాదు. ఆ తర్వాత విద్యార్థులను జంటలుగా చేసి ఒకరి బ్రీఫ్ మరొకరి చేత రాయించాలి. స్నేహితుడిని కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలు అడిగినప్పుడు అతను తనలో తాను గుర్తించని సంగతులు బయటపడతాయి. ఒక అమ్మాయి తన తండ్రి నడిపే కిరాణా కొట్టులో ధరల చీటీలు తానే రాస్తానని మాటల్లో చెబుతుంది గాని దాన్ని అనుభవంగా లెక్కపెట్టుకోదు. అక్షరాల మీద ఆమెకున్న శ్రద్ధకు అంతకంటే మంచి సాక్ష్యం లేదని చెప్పవలసింది ప్రశ్నలు అడిగిన స్నేహితుడే.

తయారైన ప్రకటనను అధ్యాపకులు మాత్రమే చూస్తే చాలదు. అచ్చు యంత్రం నడిపే యజమానినో, దుకాణదారునో పిలిచి వాళ్ల ముందు పెట్టాలి. విద్యార్థి ఏమీ వివరించకుండా నిలబడాలి. చూసినవాళ్లు "ఈ పిల్లవాడు ఏం చేస్తాడు?" అని అడిగారంటే ఆ ప్రకటన మళ్లీ మొదటి నుంచి చేయాలి.

మాధ్యమం విషయంలో నా పట్టుదల ఒకటి ఉంది. మొదటి ప్రకటన దినపత్రికకు సరిపోయేలా, నలుపు ఒక్క రంగులో, రెండు కాలమ్‌ల వెడల్పులో ఉండాలి. ఫోను తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి గనుక లోపాలు దాక్కుంటాయి. న్యూస్‌ప్రింట్ (దినపత్రిక కాగితం) దాచనివ్వదు. అచ్చు కోసం ఫొటోను చుక్కల వరసలుగా విడగొట్టేదాన్ని స్క్రీన్ అంటాం. నునుపైన ఆర్ట్ పేపర్ మీద అంగుళానికి 150 గీతల (అంటే చుక్కల వరసల) స్క్రీన్‌తో ఫొటో అచ్చవుతుంటే, న్యూస్‌ప్రింట్ మీద 85 నుంచి 100 గీతలకే పరిమితం కావాలి. సిరా కాగితంలో పాకుతుంది, సన్నని గీత తెగుతుంది, నల్లని నేపథ్యంలో తెల్లగా వదిలిన చిన్న అక్షరం పూడిపోతుంది. తెలుగులో ఈ కష్టం మరింత ఎక్కువ. గుణింతాలు పైకి, వత్తులు కిందికి పోతాయి కనుక ఇంగ్లీషు పంక్తులకు సరిపోయిన ఎడం తెలుగుకు చాలదు. పై పంక్తిలోని వత్తు కింది పంక్తిలోని గుడిని తాకుతుంది. స్థలం చాలలేదని అక్షరం తగ్గిస్తే ముందు మాయమయ్యేది వత్తులే. ఈ చిక్కులు పరిష్కరించిన చిన్న ప్రకటన ఒక్కటి చూపిస్తే, ఆ విద్యార్థికి టైపోగ్రఫీ (అక్షరాల అమరిక) వచ్చునని వేరే చెప్పుకోనవసరం లేదు.

తెలుగు మాట వచ్చింది కనుక ఇది కూడా చెప్పాలి. మన విద్యార్థులు తమ గురించి రాసుకునేది దాదాపు అంతా ఇంగ్లీషులోనే. పెద్ద ఏజెన్సీలకు, ఇతర రాష్ట్రాల సంస్థలకు అది అవసరమే. కాని రాజమండ్రిలో, వరంగల్‌లో, ఒంగోలులో లేబుల్, సంచి, బోర్డు, కరపత్రం చేయించుకునే వ్యాపారులు వందలాదిగా ఉన్నారు. వాళ్లు ఇవాళ డీటీపీ సెంటరుకో ఫ్లెక్స్ దుకాణానికో వెళుతున్నారు, డిజైనర్ అనే మనిషి తమ ఊళ్లోనే ఉన్నాడని వాళ్లకు తెలియదు. తెలియజేయవలసిన ప్రకటన తెలుగులోనే ఉండాలి. పనిముట్ల కొరత ఇంతకు ముందున్నంత లేదు. మండలి, రామభద్ర, సురన్న, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. లేనిది తెలుగులో నాలుగు వాక్యాలు సూటిగా రాసే అభ్యాసం. డిజైన్ విద్యార్థికి రాత అక్కర్లేదనే అపోహను కళాశాలలే పెంచాయని బాధతో చెబుతున్నాను.

ఇక నిజాయితీ సంగతి. న్యాయవాదులు పని కోసం ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధన చెబుతోంది. వైద్యులకూ వృత్తి నియమావళి ఇలాంటి కట్టుబాట్లు పెట్టింది. డిజైనర్లకు అటువంటి మండలి లేదు, అదుపూ లేదు. కాబట్టి ఆ అదుపును తరగతి గదిలోనే అలవాటు చేయాలి. సాధన కోసం ఒక పెద్ద కంపెనీ లోగో మార్చి గీసినప్పుడు అది విద్యార్థి అభ్యాసమని కిందే రాయాలి, ఆ కంపెనీ తన క్లయింటు అన్నట్టు చూపించకూడదు. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో తాను చేసింది ఏ భాగమో చెప్పాలి. బొమ్మను కృత్రిమ మేధ తయారు చేసి ఉంటే ఆ మాట రాయాలి. ఇంటర్న్‌షిప్‌లో చేసిన పని చూపించేముందు సంస్థ అనుమతి తీసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమాని. అయితే ఆ పని తనదేనని చెప్పుకునే హక్కును 57వ సెక్షన్ సృజించిన వ్యక్తికే ఉంచింది. ఈ రెండు సెక్షన్లూ తెలియకుండా పట్టా పుచ్చుకుంటున్న డిజైన్ విద్యార్థులే ఎక్కువ. తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచించింది, అది వస్తువులకే కాక సేవలకూ వర్తిస్తుంది. తన మీద తాను ఇచ్చుకునే ప్రకటనలో అబద్ధం చెప్పని విద్యార్థి రేపు క్లయింటు అబద్ధం చెప్పమన్నప్పుడు కుదరదనగలుగుతాడు. ఈ అభ్యాసాన్ని నేను అంతగా కోరడానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే.

విద్యార్థినుల విషయంలో జాగ్రత్త మరొకటి ఉంది. ఫొటో, సొంత ఫోన్ నంబరు, ఇంటి చిరునామా బహిరంగంగా పెట్టించే అభ్యాసాలు వాళ్లను వేధింపులకు గురి చేస్తాయి. దాంతో ఇంట్లోవాళ్లు అసలు ప్రకటనే వద్దంటారు. ముఖం లేకుండా పనితోనే మనిషిని పరిచయం చేయడం నిజానికి మెరుగైన డిజైన్ సమస్య. సంప్రదించడానికి విడిగా తెరిచిన ఈమెయిలో, కళాశాల చిరునామానో సరిపోతుంది. అధ్యాపకులు ఈ నియమాన్ని అందరికీ ఒకేలా పెట్టాలి.

హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ లలితకళల విభాగం, కడపలోని ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం, అమరావతిలోని ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ వంటి సంస్థల పాఠ్యప్రణాళిక సంఘాలు ఈ ప్రతిపాదనను పరిశీలించాలని మనవి. కొత్త విభాగమో కొత్త ప్రయోగశాలో అక్కర్లేదు. ఇప్పుడున్న ప్రకటనల రూపకల్పన పేపరులో నాలుగు వారాలు కేటాయిస్తే చాలు.

పత్రికలకు కూడా ఒక విన్నపం ఉంది. కోర్సులు ముగిసే జూన్ నెలలో ఏడాదికి ఒక్కసారి, జిల్లా అనుబంధంలో అర పేజీ ఈ విద్యార్థుల ప్రకటనలకు నామమాత్రపు రుసుముకు ఇవ్వండి. పూర్తిగా ఉచితం వద్దు. తన జేబులోంచి కొంత పెట్టి కొన్న చోటు అయితే అందులో ఏ మాట ఉండాలో విద్యార్థి పదిసార్లు ఆలోచిస్తాడు. ఎంపిక కళాశాలలు చేసి పంపాలి, ప్రకటనలోని ప్రతి వివరానికీ కళాశాల పూచీ పడాలి, వచ్చిన ఉత్తరాలు కళాశాల ద్వారానే విద్యార్థికి చేరాలి. మీ పత్రిక ఇందుకు సుముఖంగా ఉంటే, ఏ కొలతలో, ఏ స్క్రీన్‌లో, ఏ తేదీలోగా పంపాలో మీ ప్రకటనల విభాగం తెలియజేస్తే, వచ్చే విద్యా సంవత్సరం అభ్యాసాన్ని ఆ కొలతలకే ఇవ్వడానికి మా వంటి అధ్యాపకులం సిద్ధంగా ఉన్నాం.

భవదీయుడు,
ఒక అప్లైడ్ ఆర్ట్ అధ్యాపకుడు,
విజయవాడ