రాచకొండ బండ్లబాటలు మూసుకుపోకముందే

సంపాదకులకు నమస్కారం.

రాచకొండ అనగానే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది పోలీస్ కమిషనరేట్. 2016లో ఆ పేరుతో ఒకటి పెట్టారు కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ ఆ పేరు అసలు ఏ గుట్టలదో ఆ గుట్టలు, వాటి మీద కోట, చుట్టూ తండాల మధ్య తిరిగే మట్టి బాటలు హైదరాబాద్‌కు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపూర్ మీదుగా ఒక దారి, ఇబ్రహీంపట్నం, మంచాల మీదుగా ఇంకో దారి. ఎనిమిదేళ్లుగా వీలు దొరికిన ప్రతి ఆదివారం నేను అక్కడ మౌంటెన్ బైక్, అంటే గుట్టల మీద తొక్కే సైకిల్, తొక్కుతున్నాను. ఆ బాటలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, అందుకే ఈ ఉత్తరం.

పోయిన చలికాలం ఒక పొద్దున ఏమైందో చెప్తాను. గుట్ట దిగి ఒక తండా వైపు పోయే బండ్లబాట మీద వస్తున్నాను, ఎన్నోసార్లు వచ్చిన బాటే, ఎక్కడ రాయి ఉందో ఎక్కడ మలుపు ఉందో చేతులకే తెలుసు. రెండు తంగేడు పొదల మధ్య ఏదో మెరిసినట్టైంది. బ్రేక్ పట్టేసరికి వెనక చక్రం జారి పక్కకు పడ్డాను. లేచి చూస్తే బాటకు అడ్డంగా, సరిగ్గా నా ఛాతీ ఎత్తులో, కొత్త ముళ్ళ తీగ. దాని మీద ఒక గుడ్డ పీలిక కూడా కట్టలేదు. అవతల సున్నం వేసిన రాళ్లు, ప్లాట్ల నంబర్లు. మోచెయ్యి గీరుకుపోవడం తప్ప నాకేం కాలేదు, కానీ అదే బాటలో పొద్దుగూకినాక మోటారు సైకిల్ మీద వచ్చే తండా పిల్లల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ వస్తుంది.

అక్కడే మేకలు తోలుకుపోతున్న ఒక అవ్వ ఆగింది. "బిడ్డా, ఆ బాట బంద్ అయింది, వెంచరోళ్లు తీగ కట్టిన్రు, మేం గూడ చుట్టు తిరిగే పోతున్నం" అంది. తన సీసాలోంచి నీళ్లు పోసి మోచెయ్యి కడిగింది. ఎన్ని రోజులైందని అడిగితే దసరా ముందు నుంచి అంది.

ఈ బాటలు నిన్నమొన్న పుట్టినవి కావు. కాకతీయ రాజ్యం 1323లో పడిపోయాక ఈ గుట్టల్ని రాజధాని చేసుకున్నవాళ్లు రేచర్ల పద్మనాయకులు. ఓరుగల్లును ఏలుతున్న ముసునూరి కాపయ నాయకుణ్ణి 1368లో యుద్ధంలో ఓడించిన ఆ వంశపు అనపోత నాయకుడు ఏలింది ఇక్కడి నుంచే. అలంకారశాస్త్రం రాసిన సింగభూపాలుడిదీ ఈ గడ్డే. పదిహేనో శతాబ్దంలో బహమనీ సుల్తానుల చేతికి పోయింది. కోట గోడలు చూస్తే సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి, అంత పెద్ద బండలు ఒకదానికొకటి ఎలా ఇమిడిపోయాయా అని చెయ్యి పెట్టి చూడాలనిపిస్తుంది. ద్వారాల దగ్గర నిలువు కమ్మీకి ఒకే రాయి, పైన అడ్డానికి ఒకే రాయి. కోటకు రాళ్లూ ధాన్యమూ ఏదో ఒక బాట మీదే కదా ఎక్కాయి. ఏ బాటకు ఎంత వయసో తేల్చే పని చరిత్రకారులది. బాట మిగిలి ఉంటేనే కదా వాళ్లైనా తేల్చేది.

ఇక్కడ సైకిల్ తొక్కడం ఎలా ఉంటుందో తొక్కనివాళ్లకు చెప్పాలి. మొదట మెత్తటి ఎర్రమట్టి, తర్వాత మొరం, తర్వాత ఒక్కసారిగా ఏనుగు వీపులాంటి నున్నటి బండ. బండ మీద పట్టు దొరకడానికి టైర్లలో గాలి 25 పీఎస్‌ఐ దాకా తగ్గించుకుంటాం. ఇక సర్కారు తుమ్మ ముళ్ళంటారా, ట్యూబ్‌లెస్ టైర్ వేసి లోపల చిల్లులు పూడ్చే సీలెంట్ పోసుకోకపోతే ఒక్క పూటకు మూడు పంక్చర్లు ఖాయం. వానాకాలం వెళ్లాక గడ్డి నడుం దాకా పెరిగి ఉంటుంది, సీతాఫలాల రోజుల్లో తండా ఆడవాళ్లు గంపలతో రోడ్డు పక్కన కూర్చుంటారు, దిగి రెండు పండ్లు తినకుండా ఎవరూ ఇంటికి రారు. మాతో వచ్చేవాళ్లలో ఐటీ ఉద్యోగులున్నారు, మెకానిక్‌లున్నారు, ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఉంది, ఎక్కుడులో నన్ను దాటి పోతుంది.

సైకిల్ కోసం ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదని నేననను. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, మంచి పని, నేనూ వెళ్తాను. కానీ రాచకొండలో కొత్తగా వేయాల్సింది ఏమీ లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచితే చాలు. ఆ ఉన్నది గ్రామ నక్షలో, అంటే ఊరి రెవెన్యూ పటంలో ఉంది. ఊరి నక్ష తీసి చూడండి, బండ్లబాటలు, కాలిబాటలు చుక్కల గీతలతో గీసి ఉంటాయి. మన దగ్గర వాటిని నక్ష బాట అనే అంటారు. నక్షలో ఉన్న బాట ఎవరి సొంతమూ కాదు, పక్క పొలం కొన్నంత మాత్రాన అది వాళ్లదైపోదు. చిక్కంతా ఎక్కడంటే, పొలాలు చేతులు మారి లేఅవుట్లు పడేటప్పుడు ఆ చుక్కల గీతను ఎవరూ అడగరు. ఎడ్లబండ్లు పోయాయి కాబట్టి బాటా పోయినట్టేనని అనుకుంటారు. మేకలు, బర్రెలు, బడికి నడిచే పిల్లలు మాత్రం ఇంకా దాని మీదే పోతున్నారు.

ఇంగ్లండ్‌లో ఈ పని ఎలా చేశారో మా అన్న కొడుకు అక్కడ చదువుకునే రోజుల్లో నాకు చూపించాడు. 1949లో వాళ్లు ఒక చట్టం చేసి, పల్లెల్లో జనం నడిచే బాటలన్నీ ఏ కౌంటీకి ఆ కౌంటీ మ్యాపులో ఎక్కించమన్నారు. 1968లో ఇంకో చట్టం వచ్చి, గుర్రాలు పోయే బాటల మీద సైకిళ్లు కూడా పోవచ్చని హక్కు ఇచ్చింది, కాకపోతే నడిచేవాళ్లకూ గుర్రాలకూ సైకిలే దారి ఇవ్వాలి. విన్చెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా సౌత్ డౌన్స్ గుట్టల మీద 160 కిలోమీటర్ల బాట అలాగే బతికి ఉంది. మధ్యలో రైతుల పొలాలున్నాయి, గొర్రెల మందలున్నాయి, గేటు తీసి వెళ్లి మళ్లీ వేస్తారు. అంతకు మించి కట్టడమేమీ లేదు. మలుపు దగ్గర ఒక కొయ్య గుంజ, దాని మీద బాణం గుర్తు.

రాచకొండలో కూడా అంతే చాలు. గుట్టలు యాదాద్రి భువనగిరి, రంగారెడ్డి జిల్లాల మధ్య పడి ఉన్నాయి కాబట్టి రెండు వైపుల తహసీల్దార్లూ సర్వేయర్లను పంపి నక్ష బాటలకు హద్దురాళ్లు పాతించాలి. చీలిక దగ్గర ఒక రాయి మీద బాణం, ఊరి పేరు, ఎన్ని కిలోమీటర్లో రాయించాలి. ఒకసారి మే నెలలో దారి తప్పి, ఫోన్ సిగ్నల్ లేక, నీళ్లు అయిపోయి రెండు గంటలు తిరిగాం. ఆ రోజు ఒక్క బాణం గుర్తు ఉంటే అంత టెన్షన్ పడేవాళ్లం కాదు. కోట దాకా కొత్తగా బీటీ రోడ్డు మాత్రం వద్దు. రోడ్డు వేస్తే జీపులు, డీజే బండ్లు గోడల కిందికే వస్తాయి. గుప్తనిధుల కోసం తవ్విన గుంతలు ఇప్పటికే అక్కడక్కడా కనిపిస్తున్నాయి.

తోటి సైకిల్ మిత్రులకూ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే బాట పాడవడంలో మన చెయ్యీ ఉంది. వాన పడిన మర్నాడు పోకండి. తడి మట్టిలో చక్రం లాక్ చేసి జారిస్తే ఒక గాడి పడుతుంది, వచ్చే వానకు నీళ్లన్నీ ఆ గాడిలోనే పరుగెత్తి అది కాలువవుతుంది, రెండేళ్లలో బాట మొత్తం రాళ్లు తేలుతుంది. ఎక్కడైనా కొత్త మలుపు తీయాల్సి వస్తే వాలు సగటున 10 శాతం దాటకుండా గుట్టకు అడ్డంగా తీయాలని ప్రపంచమంతా ఈ బాటలు వేసేవాళ్లు చెప్పేది అందుకే. కోట మెట్ల మీద, పేర్చిన రాళ్ల మీద అసలే తొక్కొద్దు. వీడియో కోసం గోడ మీది నుంచి దూకించినవాళ్లను నేను కళ్లారా చూశాను, ఒక రాయి కదిలి పక్కకు ఒరిగింది. ఆరు వందల ఏళ్లు సున్నం లేకుండా నిలబడిన గోడ అది.

ముళ్ళ తీగ సంగతి పంచాయతీలో కాగితం మీద రాసి ఇచ్చి నాలుగు నెలలైంది. పోయిన ఆదివారం మళ్లీ వెళ్లాను, తీగ అలాగే ఉంది. ఈసారి నేనే ఒక ఎర్ర గుడ్డ కట్టి వచ్చాను, చీకట్లో వచ్చేవాళ్లకు కనీసం కనిపిస్తుందని. ఆ ఊరి నక్ష కాపీ నా దగ్గర ఉంది. సర్వేయర్ ఏ రోజు వస్తానంటే ఆ రోజు సెలవు పెట్టి తీసుకొస్తాను, బాట ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఆ అవ్వ నడిచి చూపిస్తానంది.

ఇట్లు,
ఒక సైకిలిస్టు,
హయత్‌నగర్