హెడ్డింగ్ ఫాంటుతో నోటీసంతా కొడితే ఎవరు చదవాలి?

సంపాదకుడు గారికి,

మా మున్సిపాలిటీ బోర్డులు, పన్ను నోటీసులు ఇకమీదట అందమైన తెలుగులో వస్తాయని పోయిన వారం మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. సంతోషం. కానీ మీ రిపోర్టర్ గారు ఆ నోటీసు ఒక్క పేరా అయినా చదివారా అని నా అనుమానం.

అందులో వాడింది రామభద్ర ఫాంటు. డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని, చేసి బతికినవాణ్ణి, చూడగానే తెలిసిపోతుంది. పాపం ఫాంటుది ఏ తప్పూ లేదు, గుండ్రంగా లావుగా దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, పోస్టర్‌కి, షాపు బోర్డుకి, హెడ్డింగ్‌కి మహా బాగుంటుంది. పురుషోత్ కుమార్ గుత్తుల గారు తయారుచేస్తే అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు ఊరికే ఇచ్చారు, ఎవరైనా వాడుకోవచ్చు. రామాభ్యుదయం రాసిన కవి అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టారు, అలాగే పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లతో కూడా ఫాంట్లున్నాయి, గర్వపడాల్సిన విషయమే.

అయితే దాంట్లో ఉన్నది ఒకటే లావు రకం, సన్నది లేదు. అంటే హెడ్డింగ్ కోసమే అని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది కదా! మనవాళ్లు పేజీ మొత్తం, కింద రూల్సు సహా చిన్న సైజులో దాంతోనే నింపేసి, పైగా జిరాక్సులు తీసి అంటించారు. ధకి, దకి తేడా కింద ఉండే ఆ చిన్న గీతే, అది పూడుకుపోయింది. పై లైను ఒత్తు కింది లైను గుడి మీద కూర్చుంది. రాష్ట్రం అన్న మాట నల్లటి ముద్ద. మేటర్‌కి, అంటే హెడ్డింగ్ కింద చదవాల్సిన వాక్యాలకి, మండలి లాంటి సన్న ఫాంటు పెట్టుకోవచ్చు, అదీ ఫ్రీయే, బడ్జెట్ లేదనడానికి కూడా లేదు.

ఇక ఫ్లెక్సీల సంగతి. సాఫ్ట్‌వేర్‌లో మన భాషల సెట్టింగు ఒకటి ఆన్ చేయాలి, చేయకపోతే ఒత్తులు విడిపోయి ప్రభుత్వం కాస్తా ప్‌రభుత్‌వం అవుతుంది, మా బస్టాండు ఎదురుగా అలాగే వేలాడుతోంది, దాని కిందనుంచే రోజూ ఆఫీసర్ల జీపులు పోతుంటాయి. జాగా చాలకపోతే అక్షరాలు అడ్డంగా సాగదీస్తారు, నాయకుల మొహాలు మాత్రం ఒక్క అంగుళం తగ్గవు. ఎవరూ ప్రూఫ్ చూడరు, చూడమంటే మాకేం పనిలేదా అంటారు. ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం రోజు మాత్రం గిడుగు వారి ఫొటోకి దండేసి మాతృభాష గురించి గంటలు గంటలు మాట్లాడతారు, ఆ ఫంక్షన్ బ్యానర్‌లోనూ తప్పులే. 2008లో ప్రాచీన భాష హోదా వచ్చిందని చంకలు గుద్దుకున్నాం, ఇప్పటికీ కొన్ని ఆఫీసుల ఫైళ్లు ‘అను’ అనే పాత రకం ఫాంట్లలోనే, అవి లేని మన కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. మీ పేపర్లో కూడా ఈ మధ్య అచ్చుతప్పులు పెరిగాయి, ఏమీ అనుకోకండి.

కమిషనర్ గారు ఆ నోటీసు మళ్లీ కొట్టించి అంటిస్తే బాగుంటుంది. ఇంతకీ పన్ను కట్టడానికి ఆఖరు తేదీ 3నా, 8నా? జిరాక్సులో తేలట్లేదు, ఆఫీసులో అడిగితే నోటీసు బోర్డు చూసుకోమంటున్నారు.

ఇట్లు,
ఒక పాత డీటీపీ ఆపరేటర్