కర్సర్‌కి అంత తొందరెందుకు?

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటరు ముందు గంటల తరబడి కూర్చునేవాళ్ళ కళ్ళ గురించి మొన్న మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. 20 నిమిషాలకోసారి తల పక్కకు తిప్పి, 20 అడుగుల దూరంలో ఉన్నదేదైనా 20 సెకన్లు చూడమన్నారు. రెప్పలు ఆర్పడం మరిచిపోవద్దన్నారు. తెర వెలుగు తగ్గించుకోమన్నారు. అన్నీ మంచి మాటలే. మన రెప్పల గురించి అంత రాశారు కదా, తెర మీద మనం కొట్టే అక్షరం పడేచోట పొద్దస్తమానం రెప్పలార్పుతూ నిలబడే గీత, అదే కర్సర్, దాని గురించి ఒక్క ముక్కైనా రాయలేదేమిటా అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 31 ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. రిటైరయ్యాక సొంతంగా ఏవో నాలుగు ముక్కలు రాసుకుందామని అనుకుంటే, అల్లుడుగారు తాను వాడి పక్కనపెట్టిన లాప్‌టాప్ ఇచ్చారు. ఆదిలోనే హంసపాదు. మొదటి వాక్యం ఎలా ఎత్తుకోవాలా అని ఆలోచిస్తూ తెరవైపు చూస్తే, ఆ సన్న గీత టకటకమని కొట్టుకుంటూ ఉండేది. వాకిట్లో ఆటో ఆపి హారన్ కొడుతున్నట్టే ఉండేది నాకు. ఆలోచన సగంలో తెగిపోయి, ఏదో ఒకటి కొట్టేసేదాన్ని. అరగంట గడిచేసరికి కనుబొమల మధ్య నొప్పి. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి కొత్త అద్దాలు వేయించుకున్నాను. అక్షరాలు ఇంకా బాగా కనిపించాయి, ఆ గీత కొట్టుకోవడం కూడా ఇంకా బాగా కనిపించింది.

నాలుగు నెలలు అలాగే లాగాను. కంప్యూటరంటే ఇంతే కాబోలు అనుకున్నాను. చివరికి సెలవులకొచ్చిన మనవరాలు నా పక్కన కూర్చుని, "అమ్మమ్మా, ఇదేంటి ఇంత స్పీడుగా పెట్టుకున్నావు?" అంది. పెట్టుకోవడం, మానడం మన చేతుల్లో ఉందని నాకప్పుడు తెలిసింది. అల్లుడుగారికి అన్నీ చురుగ్గా ఉండాలి, ఆయన ఎప్పుడో దాని వేగం చివరిదాకా పెంచి వదిలేశారట.

విండోస్‌లో ఆ చోటు దాచిపెట్టినట్టే ఉంటుంది. స్టార్ట్ నొక్కి కంట్రోల్ ప్యానెల్ అని వెతకాలి. అది తెరుచుకున్నాక పైన కుడివైపు వ్యూ బై దగ్గర లార్జ్ ఐకాన్స్ అని మార్చుకుంటే కీబోర్డ్ అనే బొమ్మ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే వచ్చే చిన్న కిటికీలో స్పీడ్ అనే పేజీ అడుగున కర్సర్ బ్లింక్ రేట్ ఉంటుంది. అక్కడ అటూ ఇటూ జరిపే ఒక మీట, పక్కనే నమూనాగా ఆర్పుతూ వెలుగుతూ ఒక గీత. మీటని కుడికి జరిపితే వేగం, ఎడమకి జరిపితే నిదానం, ఎడమ చివర 'నన్' దగ్గర పెడితే గీత అసలు ఆరదు. కుదిరిన చోట ఆపి ఓకే నొక్కడమే. అప్పటికే తెరిచి ఉన్న ప్రోగ్రాములు ఒక్కోసారి ఈ మార్పుని పట్టించుకోవు, మూసి తెరిస్తే దారికొస్తాయి.

మనవరాలు చెప్పిన లెక్క కూడా రాస్తాను. విండోస్ మామూలుగా పెట్టుకునే అంకె 530 మిల్లీసెకన్లు. అంటే గీత అరసెకనుకు కాస్త పైన కనిపిస్తుంది, అంతసేపే మాయమవుతుంది. ఒక ఆవృత్తికి సెకను దాటుతుంది. మీట కుడి చివరికి జరిపితే అది 200 అవుతుంది, అప్పుడు సెకనుకు రెండున్నర సార్లు. నేను నాలుగు నెలలు చూసింది ఈ రెండున్నర. ఎడమవైపు, నన్‌కి ముందు, 1200 దాకా పోతుంది. వెబ్ పేజీల్లో ఏదీ సెకనుకు మూడుసార్లకు మించి మెరవకూడదని అంతర్జాతీయ ప్రమాణాల్లో ఒక హద్దు ఉందట. అది మూర్ఛ జబ్బున్నవాళ్ళ కోసం పెట్టింది, నా తలనొప్పికి దానితో సంబంధం లేదు. అయినా ఆ హద్దుకి అంత దగ్గర్లో కూర్చుని వాక్యాలు అల్లుతున్నానా అని ఆశ్చర్యపోయాను.

విండోస్ బదులు లినక్స్ వాడేవాళ్ళలో, గ్నోమ్ అనే తెర అమరిక ఉన్నవాళ్ళకి సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద, టైపింగ్ దగ్గర ఇదే దొరుకుతుంది.

మరి ఆర్పడం పూర్తిగా ఆపేస్తే పోలా అంటారేమో. నేనూ ఆపి చూశాను. ఇంగ్లీషులో నిలువు గీతల అక్షరాలు బోలెడు కాబట్టి కదలని కర్సర్ వాటిలో కలిసిపోతుంది. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే కనుక నిటారు గీత పరాయిదానిలా తేలుతుందనుకున్నాను. తేలింది గాని, సన్నగా ఉండడంవల్ల పేజీ మధ్యలో వెతుక్కోవలసి వచ్చింది. అందుకని నెమ్మదిగా ఆర్పనిచ్చి, గీతని లావు చేసుకున్నాను. విండోస్ 11 సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద టెక్స్ట్ కర్సర్ అని ఉంటుంది, విండోస్ 10లో అయితే ఈజ్ ఆఫ్ యాక్సెస్ కింద. మందం 1 నుంచి 20 దాకా పెంచవచ్చు. నాది 4. కావాలంటే గీతకి పైనా కిందా రంగు బొట్లు కూడా పెట్టుకోవచ్చు. చూపు మందగించినవాళ్ళకి ఆ బొట్లు ఎంత పెద్ద సాయమో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ముచ్చట ఒకటి. టైపు చేసేచోట ఆడే ఈ గీతని కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్ళు కేరెట్ అంటారట. ఇంగ్లీషు ప్రూఫుల్లో విడిచిపోయిన మాటని చేర్చడానికి పెట్టే గుర్తు పేరు అదే. లాటిన్‌లో 'లోపించింది' అని అర్థం. అంటే మన హంసపాదే! 31 ఏళ్ళు ఎర్రసిరాతో నేను పెడుతూ వచ్చిన గుర్తు, ఇప్పుడు తెర మీద నాకే కన్ను కొడుతోంది. కర్సర్ అన్న మాట కూడా లాటిన్‌దే, పరుగెత్తేవాడు అని. పూర్వం ఇంజనీర్లు లెక్కలకి వాడిన స్లైడ్ రూల్ మీద జరిగే గాజు పలకని కర్సర్ అనేవారు. ఈ ఆర్పడం కనిపెట్టింది అమెరికాలో స్పెర్రీ రాండ్ సంస్థలో పనిచేసిన చార్లెస్ కీస్లింగ్. 1967లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టారు. అక్షరాల మధ్య చోటు కనబడాలని ఆయన పెట్టిన దీపం అది, తప్పు పట్టను.

ఆర్పడానికి కూడా ఖర్చుంటుంది. ప్రతి వెలుగుకీ యంత్రం ఒకసారి లేచి గీత గీసి పడుకోవాలి. 2017లో విజువల్ స్టూడియో కోడ్ అనే ప్రోగ్రాములో, ఎవరూ ఏమీ టైపు చేయకపోయినా, ఉత్త కర్సర్ ఆర్పడానికే ప్రాసెసరు పనిలో నూటికి 13 వంతులు పోతోందని బయటపడి దిద్దుకున్నారట. ఈ కథ మనవరాలు నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం ఓదార్పుగా ఉంది, ఆ గీత దెబ్బకి అలిసింది నేనొక్కదాన్నే కాదన్నమాట.

వేగం సంగతి తేలాక మిగతా జబ్బులు బయటపడ్డాయి. అన్నిటికంటే హడలగొట్టింది కర్సర్ గెంతడం. కింద పేరాలో రాస్తున్న వాక్యం సగంనుంచి పై పేరా మధ్యలో పడేది. చదువుకుంటే అర్థంపర్థం లేదు. వయసు మీదపడి మతి తప్పుతోందేమోనని ఎవరికీ చెప్పలేదు కూడా. తప్పు నా అరచేతిది. లాప్‌టాప్ మీద మీటల కింద ఉండే టచ్‌ప్యాడ్‌కి బొటనవేలి మొదలు తగిలినప్పుడల్లా అది క్లిక్ అనుకుని, మౌస్ బాణం గుర్తు ఎక్కడుంటే కర్సర్‌ని అక్కడికి ఎగరేస్తోంది. సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ దగ్గర సెన్సిటివిటీ ఉంటుంది, దాన్ని తక్కువకి దించితే చాలావరకు పోయింది. విడిగా మౌస్ ఉన్నవాళ్ళు, మౌస్ తగిలించి ఉన్నప్పుడు టచ్‌ప్యాడ్ పనిచేయకుండా అక్కడే చెప్పుకోవచ్చు. నేను అదే చేశాను.

టైపు చేస్తుంటే ముందున్న అక్షరాలు మింగుడుపడిపోతుంటే ఇన్సర్ట్ మీట పొరపాటున తగిలిందని అర్థం, ఇంకోసారి నొక్కితే సరి. వెబ్ పేజీ చదువుతుంటే ఊరికే గీత ప్రత్యక్షమైతే ఎఫ్7 తగిలిందని, అదీ ఇంకోసారి నొక్కితే పోతుంది.

తెలుగులాంటి మన దేశపు లిపుల్లో టైపు చేసేవాళ్ళకి ఎదురయ్యేది ఒకటుంది, దాన్ని జబ్బు అనలేను. 'స్త్రీ' అని కొట్టండి. మనకది ఒక్క అక్షరం. బాణం మీట ఒక్కసారి నొక్కితే కర్సర్ దాన్ని దాటేస్తుంది. వెనకనుంచి బ్యాక్‌స్పేస్ నొక్కితే మాత్రం ఒక్కసారి పోదు. మొదట గుడిదీర్ఘం పోయి 'స్త్ర' మిగులుతుంది, తర్వాత రకారం, తర్వాత పొల్లు, తకారం, ఇంకో పొల్లు, చివరికి స. ఆరుసార్లు నొక్కాలి, లోపల దాచుకున్నవి ఆరు గుర్తులు కాబట్టి. అదే కర్సర్‌ని అక్షరానికి ముందు పెట్టి డిలీట్ నొక్కితే, చాలా ప్రోగ్రాముల్లో మొత్తం ఒక్క దెబ్బకి పోతుంది. మొదట్లో చిరాకుపడ్డాను. ఇప్పుడు ఇదే ఇష్టం. గుడిదీర్ఘం బదులు గుడి పడితే అక్షరమంతా చెరపనక్కర్లేదు, ఒక్కసారి వెనక్కి కొట్టి గుడి పెడితే చాలు. చేత్తో దిద్దేటప్పుడూ నేను చేసింది అంతేగా.

ఇంకొక చిన్న దయ్యం. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలో బాణం నొక్కితే కొన్ని ప్రోగ్రాముల్లో కర్సర్ ఒకసారి కదలకుండా నిలబడిపోతుంది. మీట చెడిపోలేదు. ట పొల్లుకి వకారం వత్తుగా అతుక్కుపోకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, కర్సర్ దాన్ని దాటుతోంది. దాన్ని చెరిపేస్తే 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంటుంది. అచ్చులో ఇలాంటివి మీ పేజీల్లోనూ అప్పుడప్పుడు కనబడతాయి, పాత అలవాటు కొద్దీ చెప్తున్నాను, ఏమీ అనుకోకండి.

మళ్ళీ కళ్ళ గురించి వేసేటప్పుడు ఆ మూడు ఇరవైల పక్కన కర్సర్ బ్లింక్ రేట్ ఎక్కడుందో రెండు వాక్యాలు వేయండి. చోటు చాలక ఈ ఉత్తరాన్ని కత్తిరించవలసి వస్తే లాటిన్ ముచ్చట తీసేయండి, ప్రాసెసరు కథ తీసేయండి, స్త్రీని కూడా నిరభ్యంతరంగా తీసేయండి. కంట్రోల్ ప్యానెల్ పేరాలో మాత్రం ఒక్క మాట కూడా పోనివ్వకండి, ఒక మెట్టు తప్పితే మీట దొరకదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రూఫ్‌రీడరు