గుర్రం మేత మానేస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

సంపాదకుడు గారికి,

పెళ్లి ఊరేగింపుల్లో గుర్రాలను వాడటం మంచిదా కాదా అని వాదించేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ వాదనలోకి నేను పోను. ఆ గుర్రం ఒక పొద్దున మేత ముట్టకపోతే దాన్ని ఎవరు చూస్తారన్నదే నా గొడవ. మా నాన్న జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక బండి అమ్మేశాం గానీ గుర్రాన్ని వదల్లేకపోయాం. ఇప్పుడు నా దగ్గర రెండున్నాయి. పెళ్లి ముహూర్తాలే మాకు పంట.

పోయిన మాఘంలో వరసగా మూడు రాత్రులు ఊరేగింపులు పడ్డాయి. నాలుగో రోజు పొద్దున మా రాణి ముందు ఉలవ గుగ్గిళ్ల తొట్టి పెట్టాను. మామూలుగా తొట్టి చప్పుడు వింటేనే పలుపు తెంపుకునే గుర్రం అది. మూతి పెట్టి వాసన చూసింది, రెండు గింజలు పెదవులతో అటూ ఇటూ కదిపింది, తల తిప్పేసుకుంది. లద్దె చూస్తే రోజూ పడేదాంట్లో పావు వంతు కూడా లేదు. ఉన్న నాలుగు ఉండలూ గట్టిగా, పైన జిగురు పొరతో ఉన్నాయి. పది గంటలకల్లా ముంగాలితో నేల తవ్వడం, మెడ తిప్పి తన డొక్కల వంక చూసుకోవడం మొదలైంది.

ఇక చుట్టుపక్కలవాళ్ల వైద్యం. ఒకాయన ఆముదం తాగించమన్నాడు. ఇంకొకాయన మజ్జిగలో ఇంగువ కలుపుకొచ్చి, గేదెలకు మందు పోసే వెదురుగొట్టం కూడా వెంట తెచ్చాడు. మందుల షాపు అబ్బాయి ‘నొప్పి తగ్గే ఇంజక్షన్ ఉంది, ఇవ్వమంటావా అన్నా’ అన్నాడు. అందరూ మంచి మనసుతో చెప్పినవాళ్లే. కానీ వీళ్ల లెక్కంతా గేదె లెక్క.

గేదె కడుపులో వంద లీటర్లకు పైగా పడుతుంది, తిన్నది మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరేస్తుంది. గుర్రం కడుపులో పట్టేది ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు, అంతే. పైగా గుర్రానికి వాంతి కాదు. కడుపు ఉబ్బితే పైకి వచ్చే దారి లేదు, ఒక్కోసారి లోపలే పగిలిపోతుంది. మేతను అసలు అరిగించేది వెనకనున్న పెద్ద పేగు. అది వంపులు తిరిగి ఉంటుంది, ఒకచోట సన్నబడుతుంది. ఎండు మేత నీళ్లు చాలక అక్కడే గట్టిపడి అడ్డం కూర్చుంటుంది. గేదె ఒక పూట మేయకపోతే సాయంత్రం దాకా చూద్దాం అనుకోవచ్చేమో. గుర్రం విషయంలో ఆ ‘చూద్దాం’ ప్రాణం తీస్తుంది.

మా దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను. అక్కడి డాక్టరు గారు మర్యాదస్తులు. ‘బాబూ, నా సర్వీసులో నేను చూసిన గుర్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముక్కులోంచి కడుపులోకి వేసే పెద్ద ట్యూబు ఇక్కడ లేదు’ అని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన్ని తప్పుపట్టను. తెలియని వైద్యం చేయనందుకు దండం పెడతాను.

చివరికి, ఒకప్పుడు రేసు గుర్రాలకు వైద్యం చేసి రిటైరైన పెద్దాయన నంబరు దొరికింది. ఫోన్‌లోనే నా చేత అన్నీ చేయించారు. ముందు దాణా, గడ్డి తీసేయమన్నారు. బకెట్ నీళ్లు మాత్రం ఉంచమన్నారు. దవడ ఎముక లోపలి అంచున వేలు పెడితే నాడి తగులుతుంది. నిలబడి ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. మా రాణికి 56. అరవై దాటితే క్షణం ఆగొద్దన్నారు. డొక్కకు చెవి ఆనించి వినమన్నారు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం కడుపు ఎప్పుడూ గుడగుడమంటూనే ఉంటుందట. ఎడమవైపు కాస్త వినిపించింది, కుడివైపు ఏమీ లేదు. జ్వరం లేదు, చిగుళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి. ‘నోట్లో గొట్టంతో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియాతో పోతుంది. నొప్పి ఇంజక్షన్ నీ అంతట నువ్వు చేయించొద్దు, నొప్పి అణిగి జబ్బు మాత్రం లోపల ముదురుతుంది. పొర్లబోతే నెమ్మదిగా నడిపించు. బండి మాట్లాడుకుని బయల్దేరు’ అన్నారు.

మినీ లారీలో రెండున్నర గంటలు. పశువైద్య కళాశాల ఆసుపత్రిలో ముక్కులోంచి ట్యూబు వేసి, లిక్విడ్ పారాఫిన్, నీళ్లు పంపారు. సెలైన్లు ఎక్కించారు. తెల్లవారుజామున నాలుగింటికి అది లద్దె వేసింది. నా పెళ్లప్పుడు కూడా నేను అంత సంతోషపడలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

తప్పు నాదే, దాచుకోను. చలిరోజుల్లో గుర్రం నీళ్లు తక్కువ తాగుతుంది. దానికి తోడు ఊరేగింపు అయ్యేదాకా నీళ్లు చూపించలేదు, పగలంతా వరిగడ్డి వేశాను. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. అందుకే రోజులో ఎక్కువ భాగం ఏదో ఒకటి నములుతూ ఉండాలి. డీజే ముందు, టపాసుల మధ్య ఆరేడు గంటలు ఖాళీ కడుపుతో నిలబెడితే పుండ్లు పడతాయి. ఇప్పుడు నా బండిలో నీళ్ల డ్రమ్ము, పచ్చగడ్డి మోపు లేకుండా ఊరేగింపుకు కదలను. ఊరేగింపు గంట లేటైతే పెళ్లివారికి టెన్షన్, నాకు గుర్రం టెన్షన్.

2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి తేలినవి దాదాపు 3.4 లక్షలు. గేదెలు దాదాపు 11 కోట్లు. ఆసుపత్రుల్లో సామాను గేదెలకు తగ్గట్టు ఉండటంలో వింతేమీ లేదు. కానీ విశాఖ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రాలున్నాయి, హైదరాబాద్‌లో బారాత్ గుర్రాలున్నాయి. మలక్‌పేట రేసు గుర్రాలకు డాక్టర్లు దగ్గర్లోనే ఉంటారు, వీటికెవరున్నారు? జిల్లాకొక చోటైనా ఆ ట్యూబు, పంపు, గుర్రం మీద నాలుగు రోజులు శిక్షణ పొందిన ఒక డాక్టరు ఉంటే చాలు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేసినవాడికి ఆ డాక్టరు నంబరు చెప్పగలిగితే ఇంకా మేలు. ఇందులో కోట్ల ఖర్చేముంది?

ఇంకో సంగతి నాలాంటివాళ్లకే కాదు, పాడి రైతులకూ తెలియాలి. కొన్ని పశువుల దాణాల్లో, కోళ్ల దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. పశువులకు ఫరవాలేదు గానీ గుర్రానికి అది విషం, గుండె దెబ్బతింటుంది. మిగిలిపోయిందని జాలిపడి గుర్రం ముందు పోయకండి. అలాగే, మేత మానడంతోపాటు జ్వరం, ముక్కు నుంచి చిక్కటి చీమిడి, ఒంటి మీద గడ్డలు కనిపిస్తే దాన్ని వేరుగా కట్టేసి వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. అది గ్లాండర్స్ కావచ్చు, మనుషులకూ అంటుతుంది. 2009 నాటి చట్టం ప్రకారం దాన్ని దాచడం నేరం. గుర్రాన్ని చంపేస్తారన్న భయంతో దాచేవాళ్లున్నారని నాకు తెలుసు. నష్టపరిహారం సంగతి అధికారులు ముందే గట్టిగా చెబితే ఆ భయం కొంత తగ్గుతుంది.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు అక్కడి డాక్టరమ్మ రాణి నోరు తెరిచి చూపించారు. వెనక దంతాల అంచులు కత్తుల్లా పెరిగి బుగ్గను కోస్తున్నాయి. సగం నమిలిన గడ్డి ఉండలు కింద పడటం నేను చాలా రోజులుగా చూస్తూనే ఉన్నాను, పట్టించుకోలేదు. ఏడాదికోసారి ఆకురాయితో ఆ అంచులు అరగదీయించాలట. ఈ మాట మా పేటలో చెబితే ‘గుడ్డి గుర్రానికి పళ్లు తోమడం అంటే ఇదేనా’ అని నవ్వారు. మా రాణి గుడ్డిది కాదు. ఆ ఆకురాయి, దాన్ని వాడటం తెలిసిన డాక్టరు మా జిల్లాలో ఎక్కడున్నారో అధికారులు చెబితే, బండి ఖర్చు పెట్టుకుని నేనే వెళ్లి తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక జట్కావాలా కొడుకు,
గుంటూరు జిల్లా