శ్రావణం కార్డులు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

శ్రావణ ముహూర్తాలకు మా దగ్గర పెళ్లికార్డులు వేయించుకున్న వాళ్లలో ఏడుగురికి మూడు నాలుగు రోజులు ఆలస్యంగా ఇచ్చాం. కరెంటు పోయిందని ఫోన్లో చెప్పింది నేనే. అది అబద్ధం.

మాది స్క్రీన్ ప్రింటింగ్. సన్నటి వలగుడ్డ బిగించిన చట్రాన్ని స్క్రీన్ అంటాం, దాని గుండా ఇంకు దిగి కార్డు మీద అక్షరం పడుతుంది. ఆ స్క్రీన్ మీద ఇంకు కడగడానికి ఇరవై ఏళ్లుగా థిన్నరే వాడుతున్నాం. మే నెలలో, కార్డులు ఎగురుతాయని ఫ్యాను ఆపి కడుగుతూ మా కుర్రాడు బల్ల పట్టుకుని కూలబడ్డాడు. "తల తిరుగుతా ఉందన్నా" అన్నాడు. మేం వాడే థిన్నర్లో ఎక్కువ భాగం టోలీన్ అనే ద్రావకం. దాని ఆవిరి పని అదే. వాడికి నేను కొనిచ్చిన రబ్బరు గ్లౌజులు కూడా దాని దెబ్బకి ఉబ్బిపోయాయి.

మాకు సరుకు పంపే చెన్నై ఆయన్ని అడిగితే "టోలీన్ లేని సేఫ్ వాష్" అని రెండు క్యాన్లు పంపాడు. ధర రెట్టింపు. మూత తీస్తే నిమ్మకాయ వాసన. సాసర్లో నాలుగు చుక్కలు వేసి, టీ తాగి వచ్చేసరికి సాసరు పొడిగా ఉంది. సేఫ్ రకాలు అంత తొందరగా ఆరవు. అందులో ఏముందో, ఎంత ప్రమాదమో రాసుండే డేటా షీటు పంపమని పదకొండు సార్లు ఫోన్ చేశాను. చివరికి వాట్సాప్‌లో వచ్చింది. ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు. ఆ వేడి ఉంటే చాలు, దాని ఆవిరికి నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుందని అర్థం. అచ్చం టోలీన్ లెక్కే. మన నెల్లూరులో పుష్యమాసం తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. నిలదీస్తే, "అందరూ ఇదే వాడుతున్నారు సార్, ఎవరూ షీటు అడగలేదు" అన్నాడు. పద్నాలుగేళ్ల పరిచయం, ఒక్క రూపాయి బాకీ పెట్టలేదు నేను. క్యాన్లు వాపసు పంపేశాను. డబ్బు రాలేదు. అడగను కూడా.

ఈలోగా శ్రావణం నెత్తిమీదికొచ్చింది. సీజన్ అయ్యేదాకా పాత థిన్నరే కానిద్దామా అని మూడు రాత్రులు నిద్రలేదు. "అయితే ఈ నెల నువ్వే కడుగు" అంది మా ఆవిడ. రెండు సాయంత్రాలు కడిగాను. మూడో రోజు వేరేచోట నుంచి సోయా నూనెతో చేసిన వాష్ తెప్పించాను. ఈసారి షీటు ముందు చూశాకే డబ్బు కట్టాను. ఫ్లాష్ పాయింట్ 100 పైనే.

కానీ అది నిదానం సరుకు. పూసి పది నిమిషాలు ఆగాలి. తుడిచాక జిడ్డు మిగులుతుంది. జిడ్డు పోవాలని నీళ్లు ఎక్కువ పోస్తే స్క్రీన్ మీద అక్షరాల ఆకారం పట్టి ఉంచే పొర, అదే స్టెన్సిల్, మెత్తబడుతుంది, తక్కువ పోస్తే జిడ్డు అడ్డుపడి కార్డు మీదికి ఇంకు దిగదు. ఒక బ్యాచ్‌లో బంగారు ఇంకు చుక్కలు చుక్కలుగా పడి, "చి.ల.సౌ."లో "సౌ" సగమే వచ్చింది. ఆ మూడొందల కార్డులూ చింపేసి మళ్లీ వేశాను. ఆలస్యం అక్కడే.

ఇప్పుడు చెయ్యి కుదిరింది. కార్తీకం ఆర్డర్లు రెండు రోజులు ముందుగా ఇవ్వండి, రేటు మాత్రం పాతదే. డిజిటల్ మిషన్ పెట్టుకోమని సలహా ఇచ్చిన వాళ్లకు దండం. వేలితో తడిమితే అక్షరం తగలాలి, నాకు తెలిసిన పని అది. పక్క వీధిలో రెండు రోజుల్లోనే ఇచ్చేస్తున్నారట. ఇవ్వనివ్వండి. స్క్రీన్లు దేంతో కడుగుతున్నారో కూడా ఒకసారి అడిగి చూడండి.