వాగ్దానం కార్డు వెనక పదో వచనం రాసిన మాస్టారికి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. బైబిల్లోని యిర్మీయా ప్రవక్త గ్రంథం మీద మూడు రాత్రుల కూడికలు నిన్న పదిన్నరకి ముగిశాయి. షామియానా ఇంకా విప్పలేదు, అద్దె కుర్చీల లెక్క తేలలేదు, అందరి గొంతులూ పోయాయి. అయినా ఇది ఇప్పుడే రాయాలి.

రావాల్సిన ప్రసంగీకుడు రాలేనని మొదటి రోజు మధ్యాహ్నం కబురు పెట్టారు. ఆ సాయంత్రమే పక్క మండలం నుంచి బస్సెక్కి వచ్చి మూడు రాత్రులూ నిలబడిన రిటైర్డ్ మాస్టారికి మా సంఘం చేతులెత్తి వందనాలు చెబుతోంది. పేరు వేయొద్దన్నారు, అందుకే వేయడం లేదు.

ఆయన చెప్పింది యిర్మీయా 29వ అధ్యాయం. మీ గురించి దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే, రాబోయే కాలంలో నిరీక్షణ ఉందని చెప్పే 11వ వచనం మనందరికీ నోటికొచ్చు. మాస్టారు మాత్రం 1 నుంచి 14 దాకా గట్టిగా చదివించి, ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఎంత గడువు పెట్టారు, ఈ మూడింటి కిందా పెన్సిల్‌తో గీత గీయమన్నారు. అది యిర్మీయా రాసిన ఉత్తరం. క్రీ.పూ. 597లో యూదా రాజు యెకొన్యాతో పాటు బబులోనుకు చెరపోయినవాళ్ళకి యెరూషలేము నుంచి ఎల్యాశా, గెమర్యా పట్టుకెళ్ళిన ఉత్తరం. ఆ రాజు సంగతి బబులోను తవ్వకాల్లో దొరికిన మట్టిపలకల మీదా ఉంది. ఆయనకీ ఐదుగురు కొడుకులకీ నూనె కొలిచి ఇచ్చిన లెక్క అది.

ముందు అధ్యాయంలోనే హనన్యా అనే మరో ప్రవక్త రెండేళ్ళలో అందరూ తిరిగొచ్చేస్తారని చెప్పి, బబులోనుకు లోబడాలనే గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని విరిచేశాడు. జనానికి నచ్చే మాట అదే. ఉత్తరం మాత్రం ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, కొడుకులకీ కూతుళ్ళకీ పెళ్ళిళ్ళు చేయండి అంటుంది. 10వ వచనంలో గడువు డెబ్బై ఏళ్ళు. అంటే ముప్పై ఏళ్ళ వయసులో చెరపోయినవాడు తిరిగి రాడు, వచ్చేది అతని మనవలు. 11వ వచనంలోని నిరీక్షణ ఆ డెబ్బై ఏళ్ళ అవతల ఉంది.

చాలామంది తప్పేది లెక్కలో. 597 నుంచి పారసీక రాజు కోరెషు తిరిగి వెళ్ళమని ఆజ్ఞ ఇచ్చిన 538 దాకా లెక్కేస్తే డెబ్బై రాదు. వాక్యం జాగ్రత్తగా చూస్తే డెబ్బై ఏళ్ళూ ‘బబులోను రాజ్యమునకు’ పెట్టిన గడువు. 605లో కర్కెమీషు దగ్గర బబులోనుకు చెందిన నెబుకద్నెజరు ఐగుప్తును (ఈజిప్టును) ఓడించిన దగ్గర్నుంచి చూస్తే లెక్క దగ్గరికొస్తుంది. 586లో యెరూషలేము ఆలయం కూలిన దగ్గర్నుంచి 516లో మళ్ళీ పూర్తయ్యేదాకా లెక్కించేవాళ్ళూ ఉన్నారు.

ఇంకొక మాట మా అందరికీ కొత్త. చెరపోయిన ఊరి కోసం ప్రార్థించమనే 7వ వచనంలో ‘క్షేమము’ మూడుసార్లు వస్తుంది, 11లో ‘సమాధానకరమైన’ అని ఉంది. హీబ్రూలో నాలుగు చోట్లా ఒకే మాట, షాలోమ్. చెరపట్టినవాళ్ళ ఊరి క్షేమం అడగకుండా మన సమాధానం ఒక్కటే అడగడం ఆ ఉత్తరంలో కుదరదు. 11లో ‘మిమ్మును’ అన్నది కూడా గౌరవానికి అన్న మాట కాదు, బహువచనం. మన బైబిల్లో దేవుడు ఒక్కరితో మాట్లాడితే ‘నీవు’ అనే అంటాడు.

రెండో రాత్రి కూడిక అయ్యాక ఒక పెద్దామె సంచిలోంచి ముడతలు పడ్డ వాగ్దానం కార్డు తీసింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక్కొక్కరికీ ఒక్కో వచనంతో వచ్చే కార్డు; ఆమెకి వచ్చింది 11వ వచనం. కొడుకు ఉద్యోగం రాలేదని, తన విశ్వాసం చాల్లేదని ఏడుస్తోంది. మాస్టారు పట్టా మీద ఆమె పక్కనే కూర్చున్నారు. కార్డు తిప్పి, వెనక స్కెచ్ పెన్‌తో 10వ వచనం పెద్ద అక్షరాల్లో రాశారు. “అమ్మా, దేవుడు మీకు అబద్ధం చెప్పలేదు. కార్డు సగమే చెప్పింది” అన్నారు. అక్కడున్నవాళ్ళం ఎవరమూ కళ్ళు తుడుచుకోకుండా ఉండలేకపోయాం.

బాధగా ఉన్నా ఒక మాట చెప్పాలి. ఏటా ఇన్ని కార్డులు అచ్చు వేస్తున్నాం, పైనా కిందా వచనాలకి మాత్రం చోటుండదు. ప్రసంగీకులు కానుక కవరు, రానుపోను కారు ముందే మాట్లాడుకునే పద్ధతి ఒకటి నడుస్తోంది. ఓపిగ్గా పక్కన కూర్చుని చదివించే మనిషి దొరకాలంటే ఇలా అదృష్టం కలిసి రావాలా? మాస్టారు బస్సు చార్జీ కూడా తీసుకోలేదు.

మా ఇళ్ళవాళ్ళు మూడు రోజులూ వంటలు చేశారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అయ్యగారికి, అమ్మగారికి వందనాలు.

మరిచిపోయాం, మైక్ సెట్ తమ్ముడికి, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఇచ్చిన పక్కింటి హిందూ కుటుంబానికి, టీ గ్లాసులు కడిగిన అక్కలకి కూడా. రాత్రి పెద్దామెని ఇంటి దగ్గర దింపిన ఆటో అన్నకి కూడా, ఆయన పేరు ఎవరైనా చెప్పండి.

7వ వచనం ప్రకారం బుధవారం ప్రార్థనలో ఊరివాళ్ళ పేర్లు చదవాలని మాస్టారు చెప్పి వెళ్ళారు. అంగన్‌వాడీ టీచరు, ఆశా అక్క, నీళ్ళ ట్యాంకు అబ్బాయి, ఇంతవరకే రాశాం. మీ వీధిలోవాళ్ళ పేర్లు మంగళవారంలోగా పంపండి.