మొక్కజొన్న బెండు పైపులు: మన హాబీ బృందం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మనం చెక్కపని మీద సరదాతో ఒకచోట చేరినవాళ్లం. ఈ ఏడాది మాత్రం పని మొత్తం మొక్కజొన్న బెండు చుట్టూనే, అంటే గింజలు ఒలిచాక మిగిలే బెండుతో చేసే పొగాకు పైపుల చుట్టూనే తిరిగింది. వసంతకాలంలో మిస్సోరీ నది ఒడ్డున ఉన్న వాషింగ్టన్ ఊరికి వెళ్లొచ్చాక అందరికీ అదే పట్టుకుంది. అక్కడ 1869 నుంచి బెండు పైపులు చేస్తున్నారు. హాలండ్ నుంచి వలస వచ్చి, లేత్ మీద చెక్క సామాను చేసుకునే హెన్రీ టిబ్బీ దీన్ని మొదలుపెట్టాడు. బెండు పైనుండే గుంటల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి నున్నగా రుద్దే పద్ధతికి 1878లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ కంపెనీయే ఇప్పటి మిస్సోరీ మీర్‌షామ్. అమెరికా సేనాని జనరల్ మెకార్థర్ ఫొటోల్లో కనిపించే ఆ పొడుగాటి పైపు వీళ్లదే.

పైపుల కోసమే పెంచే మొక్కజొన్న వేరు. దాని బెండు లావుగా, గట్టిగా ఉంటుంది. దాన్ని రెండేళ్ల దాకా ఆరబెడతారు. ఆ మాట విని కూడా మేం తొందరపడ్డాం. బజారులో స్వీట్‌కార్న్ కొని, బెండ్లను అవెన్‌లో ఎండబెట్టి డ్రిల్ పెట్టాం. లోపలి మెత్తటి భాగం పిండిలా రాలిపోయింది, కొన్నయితే నిలువునా చీలాయి. తప్పు మాదే.

అందుకే మిగతా ఏడాదంతా కొన్న పైపులకే మార్పులు చేసుకున్నాం. మామూలు బెండు పైపులో చెక్క గొట్టం చివర, పొగాకు నింపే గిన్నె లోపలికి పొడుచుకుని ఉంటుంది. మొదట్లో అది కాలి చేదు వాసన వేస్తుంది. దానికి మందు సులువే. చుట్ట బూడిదలో చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ అట్లపిండి కన్నా కాస్త గట్టిగా కలపాలి. గాలి దారి మూసుకుపోకుండా పైపు క్లీనర్ (నూలు చుట్టిన సన్నని తీగ) ఒకటి దూర్చి ఉంచి, గిన్నె అడుగున ఆ ముద్ద అద్దాలి. రెండు రోజులు కదపకుండా ఆరనివ్వాలి. అదొక్కటి చేస్తే చవక పైపు కూడా చాలాకాలం నిలుస్తుంది.

కొందరు చెక్క గొట్టం తీసేసి వెదురు పెట్టారు. ఏటికొప్పాక వైపు నుంచి వచ్చిన ఒక సభ్యుడు లేత్ మీద తిరిగే గొట్టానికి లక్క కడ్డీ ఆనించాడు. రాపిడి వేడికి లక్క కరిగి ఎర్రగా పరుచుకుంటుంటే అందరం పనులు ఆపి చూశాం. మెరుగు పెట్టడానికి ఇక్కడ మొగలి ఆకు ఏదీ? మెత్తటి గుడ్డతోనే సరిపెట్టాడు. గిన్నెకు మాత్రం లక్క వద్దు, వేడికి జిగురెక్కుతుంది.

పొగాకు సంగతీ చెప్పాలి. శ్రీకాకుళం వైపు మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునేది. చివరికి అంగిలి పుండు పడి అన్నం కూడా సయించలేదు. అందుకే ఈ పని నేర్పేటప్పుడు పొగ తాగమని ఎవరికీ చెప్పం. చాలామంది పైపులు అద్దాల బీరువాలోనే ఉన్నాయి. ఇరవై ఒకటి నిండని పిల్లలకు వర్క్‌షాప్‌లో ప్రవేశం లేదు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు.

పైపు మొక్కజొన్న పండించే ఒక రైతు ఇచ్చిన బెండ్లు మా గ్యారేజీలో వల సంచుల్లో వేలాడుతున్నాయి. వచ్చే ఏడాది కూడా వాటిని ముట్టుకోం. ఆ పైఏడు దించుదాం. అప్పటిదాకా పాత పైపులు ఏవైనా ఉంటే పట్టుకురండి.